తాగుడు మానేస్తే ఆవిడ తిరిగి వస్తుందా?

ప్రశ్న: నా వయసు 38. పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు. పెళ్లికి ముందు నుంచే రోజూ తాగే అలవాటుంది. తాగనప్పుడు నేను మంచివాణ్ణే, ఆ మాట మా ఆవిడే ఒప్పుకుంటుంది. తాగిన రాత్రుళ్లు మాటా మాటా పెరిగి చేయి చేసుకుంటున్నాను. నా ఫోన్ ఎందుకు చూస్తున్నావని తను అడుగుతుంది, దాచడానికి ఏముందని నేనంటాను, అక్కడ మొదలవుతుంది. పొద్దున లేచాక సగం గుర్తుండదు. కిందటి నెల గొంతు పట్టుకున్నాను. ఎదురు మాట్లాడకపోతే అంత దూరం వచ్చేది కాదు. మర్నాడే పిల్లల్ని తీసుకుని వాళ్ల అన్నయ్య ఇంటికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. ఈ ఆదివారం నుంచి చుక్క ముట్టకూడదని గట్టిగా అనుకున్నాను. డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరమన్నా చేరతాను. మా అక్కేమో, నీకు తెలియకుండా ఎప్పుడో మాత్ర కలిపి పెట్టాల్సింది అంటోంది. తాగుడు పోతే ఇంక గొడవే ఉండదు కదా? ఈ మాట ఆవిడను ఎలా నమ్మించాలి? - పేరు వద్దు

జవాబు: ముందు ఆదివారం సంగతి తేల్చుకుందాం. ఇన్నేళ్లుగా రోజూ తాగుతున్న మనిషి, ఇంట్లో ఒంటరిగా ఉంటూ, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. ఆఖరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, కంటి మీద కునుకు లేకపోవడం మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొద్దిమందికి లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం, గుండె దడ ఎక్కువవుతాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. గతంలో మానబోయినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. అందుకని ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మానే తేదీ ఆయన చెబుతారు. రోజుకు ఎంత తాగుతున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చాలామంది సగానికి తగ్గించి చెబుతారు, దాన్ని బట్టి మాత్రల మోతాదు కూడా తప్పుతుంది. కొన్ని రోజులు విత్‌డ్రాయల్‌కు, అంటే మానగానే వచ్చే ఈ ఇబ్బందులకు మాత్రలు, థయమిన్ అనే బి1 విటమిన్ ఇస్తారు. అవసరమనిపిస్తే ఆసుపత్రిలో ఉంచుతారు.

ఆ మొదటి వారాల్లో చికాకు, నిద్రలేమి, ఊరికే కోపం రావడం మామూలే. అప్పుడు మీ భార్యాపిల్లలు మీ దగ్గర లేకపోవడమే మంచిది. "నువ్వు వచ్చి పక్కనుంటేనే మానగలను" అని మాత్రం కబురు పెట్టకండి. పక్కన ఎవరైనా ఉండాలంటే మీ అక్కగారిని పిలవండి. ఇంకో మాట. తాగుడు మానే రోజుల్లో, ఇంట్లోవాళ్లు వెళ్లిపోయిన ఈ పరిస్థితిలో, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అది డాక్టర్‌కు తప్పకుండా చెప్పాల్సిన విషయం. ఆవిడకు బెదిరింపుగా పంపే మెసేజ్ కాదు.

ఇక అసలు ప్రశ్న. తాగుడు పోతే గొడవే ఉండదు కదా అన్నారు. ఇందులో సగమే నిజం.

నిజమైన సగం ముందు చెబుతాను. తాగుడు చికిత్సకు వచ్చిన మగవాళ్లను, వాళ్ల భార్యలను చాలాకాలం గమనించిన పరిశోధనలున్నాయి. చికిత్స తర్వాత తాగుడుకు దూరంగా ఉండగలిగిన వాళ్ల ఇళ్లలో కొట్టడం బాగా తగ్గింది. మళ్లీ మొదలుపెట్టిన వాళ్ల ఇళ్లలో అంతగా తగ్గలేదు. తాగిన రోజున హింస జరిగే అవకాశం, జరిగితే దెబ్బ గట్టిగా తగిలే అవకాశం రెండూ పెరుగుతాయి. కాబట్టి మీ నిర్ణయం చిన్నదేమీ కాదు.

మిగతా సగం మీకు నచ్చదు. తాగిన రాత్రుళ్లు మీకు కోపం తెప్పించేది ఆవిడ ఒక్కరేనా? బిల్లు ఎక్కువ వేసినవాడి మీద, దారిలో ఆపిన పోలీసు మీద, మర్నాడు పొద్దున నానా మాటలూ అనే ఆఫీసరు మీద ఎన్నిసార్లు చేయెత్తారు? మీ ఉత్తరంలో అలాంటిది ఒక్కటీ లేదు. బహుశా జరగలేదు. ఇల్లు చేరి, తలుపు వేసుకున్నాక, మీకన్నా బలం తక్కువైన మనిషి మీదే జరిగింది. ఒళ్లు తెలియని మనిషికి ఎవరిని కొడితే ఏమీ కాదో బాగానే తెలుస్తోంది.

"సగం గుర్తుండదు" అన్నారు, అది అబద్ధమని నేననను. బాగా తాగినప్పుడు మెదడు కొత్త జ్ఞాపకాలను దాచుకోవడం ఆపేస్తుంది. కానీ ఆ సమయంలో మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, ఎదుటివాళ్లకు జవాబిస్తాడు, తాళం తీసుకుని ఇంట్లోకి వస్తాడు. పొద్దున గుర్తు లేదు కాబట్టి రాత్రి నాకు తెలియకుండా జరిగిందనడం కుదరదు.

మద్యం ఏం చేస్తుందన్న దాని మీద క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ అనే మనస్తత్వవేత్తలు 1990లో చెప్పిన మాట ఇప్పటికీ పనికొస్తుంది. తాగినవాడి చూపు ఇరుకైపోతుంది. కళ్లెదుట ఉన్నదే కనిపిస్తుంది, ఆవిడ అన్న మాట, తన అహం. రేపు ఏమవుతుంది, పిల్లలు చూస్తున్నారు, ఇది నేరం అన్నవి చూపులోంచి జారిపోతాయి. అంతకుముందు 1969లో మెక్‌ఆండ్రూ, ఎడ్జర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు రకరకాల సమాజాల నుంచి వివరాలు పోగేసి చూశారు. తాగినవాళ్లు అన్నిచోట్లా ఒకేలా ప్రవర్తించరని తేలింది. కొన్నిచోట్ల ఒళ్లెరగకుండా తాగినా కొట్లాటలు లేవు. తాగినవాడికి ఏ తప్పు మాఫీ అవుతుందని చుట్టూ ఉన్నవాళ్లు అనుకుంటారో, అతను ఆ తప్పే చేస్తాడు. "పాపం, తాగి ఉన్నాడు" అని మీకు ఎన్నిసార్లు మాఫీ అయిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇంకా చిన్నదిగా కనిపించే విషయం మీ ఉత్తరంలోనే ఉంది. ఆవిడ ఫోన్ చూడటం. తాగాకే చూస్తారా? పొద్దున పూట చూడరా? ఎవరితో మాట్లాడిందో, ఎక్కడికి వెళ్లిందో, ఎంత ఖర్చు పెట్టిందో లెక్క అడగడానికి మందు అక్కర్లేదు. "ఎదురు మాట్లాడకపోతే" అన్న వాక్యం కూడా మీరు తాగి రాసింది కాదనే అనుకుంటున్నాను. తాగుడు మానేసి ఇదంతా ఉంచుకుంటే, ఆవిడ అదే ఇంట్లో అదే భయంతో ఉంటుంది. కాకపోతే చెప్పుకోవడానికి తాగుడనే కారణం కూడా ఉండదు.

అందుకే మీకు కావలసినవి రెండు చికిత్సలు, ఒకటి తాగుడుకు, ఒకటి కొట్టడానికి. ఒకటి చేయించుకుంటే రెండోది దానంతటదే రాదు.

మొదటిది కొంచెం తేలిక, ఎందుకంటే దారి తెలిసిందే. డాక్టర్ ముందు మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్ష ఒకటుంది. 40కి 8 వచ్చినా జాగ్రత్త పడాలి. విత్‌డ్రాయల్ గడిచాక, కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రలున్నాయి. ఏది సరిపోతుందో మీ కాలేయం, కిడ్నీల పరిస్థితి చూసి చెబుతారు. వాటితో పాటు కౌన్సెలింగ్, ఇష్టమైతే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా జరుపుకునేవి. అక్కడ డబ్బు కట్టనక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు.

మీ అక్కగారు అన్న మాత్ర డైసల్ఫిరామ్ అయి ఉంటుంది. అది వాడుతున్నప్పుడు తాగితే శరీరంలో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం పేరుకుపోయి ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులు, బీపీ పడిపోవడం వస్తాయి. మనిషి చనిపోయిన సందర్భాలూ ఉన్నాయి. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఈ ముప్పు ఉంటుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూస్తుండగా వేసుకునే మాత్ర అది. తెలియకుండా కలిపి పెట్టడమంటే విషం పెట్టినంత పని. ఇంట్లో తాగేవాళ్లతో వేగలేక ఈ ఆలోచన చేస్తున్నవాళ్లు ఇది చదువుతుంటే, దయచేసి మానుకోండి. ఒకవేళ డాక్టర్ మీకు ఆ మాత్రే రాస్తే, రోజూ మింగించే పని మాత్రం మీ ఆవిడ మీద పెట్టకండి. మామూలుగా భార్యకే అప్పగిస్తారు. చేయెత్తే అలవాటున్న ఇంట్లో "మాత్ర వేసుకున్నావా" అన్న ప్రశ్నే మరో గొడవ అవుతుంది. క్లినిక్‌లో వేసుకోండి, లేదా అక్కగారి ముందు.

రెండో చికిత్స గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అలాంటిదొకటి ఉందనే చాలామందికి తెలియదు.

భార్యల్ని కొట్టే మగవాళ్ల కోసం ప్రత్యేకంగా గ్రూప్ కార్యక్రమాలు ఉంటాయి. అందరికీ తెలిసిన నమూనా అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం డులూత్ పట్నంలో 1981లో మొదలైంది. వారానికోసారి, నెలల తరబడి సాగుతుంది. కాలిఫోర్నియాలో ఈ నేరానికి శిక్షగా ప్రొబేషన్ (షరతులతో బయట ఉండనివ్వడం) పడ్డవాళ్లు ఏడాది పాటు వెళ్లాలని చట్టమే ఉంది. అక్కడ కోపం దిగమింగుకోవడం నేర్పుతారనుకుంటారు చాలామంది. అది కాదు ముఖ్యం. ఆఫీసులో కోపాన్ని మీరు బాగానే దిగమింగుకుంటున్నారు. అక్కడ చేయించేది వేరు. కొట్టిన రాత్రిని మొదటి నుంచి చివరి దాకా, "కానీ ఆవిడ" అన్న మాట లేకుండా, నలుగురి ముందు చెప్పించడం. ఏ క్షణంలో ఆగగలిగేవారో, ఎందుకు ఆగలేదో వెతికించడం. చేయెత్తడం ఒక్కటే కాక డబ్బు, ఫోన్, పుట్టింటి రాకపోకలు, పిల్లల పేరుతో బెదిరించడం, ఇవన్నీ కలిసి ఎదుటి మనిషిని ఎలా చెప్పుచేతల్లో పెడతాయో చూపించడం. ఇవి వెళ్లి కూర్చుంటే మనిషి మారిపోయే కార్యక్రమాలని నేను చెప్పను. పరిశోధనల్లో కనిపించిన ఫలితం కొద్దిపాటిదే. తాగేవాళ్లు మధ్యలోనే మానేయడం కూడా ఎక్కువ.

ఇక్కడో విచిత్రం ఉంది. చాలాకాలం ఈ రెండు చికిత్సలు ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. హింస కార్యక్రమాలు నడిపేవాళ్లు తాగుడు గురించి మాట్లాడితే అది సాకు అవుతుందని భయపడ్డారు. ఆ భయంలో న్యాయం ఉంది. తాగుడు క్లినిక్‌లలో ఏమో "ఇంట్లో కొడతారా" అని అడిగేవాళ్లే తక్కువ. రెండూ ఉన్న మీలాంటి మనిషి ఏ గుమ్మం ఎక్కినా సగం సమస్యే చెప్పుకుని వచ్చేవాడు.

రెండూ కలిపితే ఏమవుతుందో కొందరు చూశారు. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో గృహహింస కేసులో అరెస్టయిన, ఎక్కువగా తాగే 252 మంది మగవాళ్లను రెండు జట్లు చేశారు. అందరికీ 40 గంటల హింస కార్యక్రమం. ఒక జట్టుకు అదనంగా, తాగుడు గురించి 90 నిమిషాల పాటు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు. 2013లో ఫలితాలు వచ్చాయి. ఆ గంటన్నర మాట దక్కినవాళ్లు మొదటి నెలల్లో తక్కువ తాగారు, తీవ్రమైన హింస కూడా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్ల మధ్య తేడా లేదు. నాకు దీంట్లో మీ ఆదివారం నిర్ణయం కనిపిస్తోంది. మొదటి నెలల్లో మీరు బాగానే ఉండొచ్చు, చాలామంది ఉంటారు. ఆవిడ నమ్మనిది ఆ తర్వాతి నెలల్ని. పదకొండేళ్లు చూసిన మనిషి, ఆవిడ అనుమానం తప్పని నేను చెప్పలేను.

గుర్తు చేసేది ఏదో ఒకటి ఆగకుండా ఉండాలి. అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో 2005లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. తాగి నేరం చేసినవాళ్లు రోజుకు రెండుసార్లు వచ్చి శ్వాస పరీక్ష ఇవ్వాలి. తాగినట్టు తేలితే వెంటనే ఒకటి రెండు రోజులు జైలు, అంతే. శిక్ష చిన్నదే కానీ తప్పదు. ఈ పద్ధతి వచ్చిన కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) గృహహింస అరెస్టులు 9 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్క తేల్చారు. ఇంగ్లండ్, వేల్స్‌లో కోర్టులు చీలమండకు ఒక పట్టీ తగిలిస్తున్నాయి. 120 రోజుల దాకా, అరగంటకోసారి చెమటలో మద్యం ఉందేమో చూస్తుంది. మిమ్మల్ని ఏ కోర్టూ అడగలేదు కాబట్టి మీరే అడిగి పెట్టించుకోండి. వారం వారం పరీక్ష చేయమని క్లినిక్‌లో చెప్పండి. ఆవిడ చేత నోరు వాసన చూపించుకునే పద్ధతి మాత్రం ఎప్పటికీ వద్దు. ఇంకొకటి, పరీక్ష చెప్పేది తాగారా లేదా అన్నది ఒక్కటే. ఇంట్లో ఆవిడ భయపడకుండా మాట్లాడగలుగుతోందో లేదో అది చెప్పలేదు.

మీ దగ్గరలో అలాంటి గ్రూప్ కార్యక్రమం లేకపోతే సైకియాట్రిస్ట్‌నో, క్లినికల్ సైకాలజిస్ట్‌నో కలిసి నేరుగా ఈ మాట చెప్పండి: "నేను నా భార్యను కొట్టాను. ఒకసారి గొంతు నొక్కాను. తాగుడుతో పాటు దీనికీ చికిత్స కావాలి." "ఇంట్లో కాస్త గొడవలు" అంటే వాళ్లు తాగుడు ఒక్కటే చూసి పంపేస్తారు. భార్యాభర్తల కౌన్సెలింగ్‌కు మాత్రం ఇప్పుడు తొందరపడొద్దు. మీ పక్కన కూర్చుని ఆవిడ నిజం చెబితే ఆ రాత్రి ఏమవుతుందో అన్న భయం ఉన్నంతకాలం అక్కడ నిజం రాదు.

గొంతు గురించి విడిగా చెప్పాలి. మీరు ఒక వాక్యంలో దాటేశారు. భార్య గొంతు ఒకసారి నొక్కిన ఇంట్లో, తర్వాత ఆవిడ హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన చెప్పింది. పైకి మచ్చ కూడా పడకుండా లోపల దెబ్బ తగలొచ్చు. మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం చిరిగితే రోజులు, వారాల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. గొంతు బొంగురు పోవడం, మింగితే నొప్పి, తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆలస్యం చేయకూడదు. లేకపోయినా ఆవిడ ఒకసారి డాక్టర్‌కు చూపించుకోవాలి. ఆవిడ వెళ్లిపోవడం మీ మీద కోపంతో చేసిన పనిలా రాశారు. ఆవిడ చేసింది సరైన పని.

ఆవిడను ఎలా నమ్మించాలి అన్నారు. నమ్మించే ప్రయత్నమే చేయకండి. పిల్లల మీద ఒట్లు, పెద్దమనుషుల్ని పంపడం, రోజుకు ఇరవై మిస్డ్ కాల్స్, స్కూలు గేటు దగ్గర నిలబడటం, ఇవన్నీ ఆవిడ మీద ఒత్తిడే. మీరు తాగి చేసినా, మానేసి చేసినా ఒత్తిడే. మీరు మందు మానినందుకు ఆవిడ తిరిగి రావాల్సిన బాకీ ఏమీ లేదు. ఏడాది తర్వాత కూడా రాకపోవచ్చు. వస్తుందన్న ఆశ మీదే మానేస్తే, రానని చెప్పిన రోజునే మళ్లీ సీసా తీస్తారు, ఆ తప్పు కూడా ఆవిడ మీదే వేస్తారు. డాక్టర్ దగ్గర ఈ విషయం కూడా ముందే మాట్లాడుకోండి. తాగుడు మానేవాళ్లలో మళ్లీ జారడం చాలా మామూలు. ఎప్పుడైనా తాగితే ఆ రాత్రి ఆవిడ, పిల్లలు ఉన్న చోటికి వెళ్లకూడదు, బండి నడపకూడదు, ఎక్కడ పడుకోవాలో ముందే అనుకుని ఉండాలి. తాగుడు జారినా ఈ నియమం జారకూడదు.

ఇవే మాటలు విని, వెనక్కి వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న ఆడవాళ్లు ఇది చదువుతుంటే, మీకొక్క మాట. ఆయన చికిత్సలో చేరాడన్నది వెళ్లడానికి చాలిన కారణం కాదు. వేరుపడిన తొలి రోజుల్లో ముప్పు ఎక్కువని కూడా గుర్తుంచుకోండి. ఎక్కడున్నారో అందరికీ చెప్పకండి, మహిళా హెల్ప్‌లైన్‌తో ఒకసారి మాట్లాడండి. "పాపం, మారాడు కదా" అని ఎవరు తొందరపెట్టినా ఆ ఇంట్లో ఉండబోయేది మీరు, వాళ్లు కాదు.

మళ్లీ మీ దగ్గరికి. ఆవిడకు ఏమీ పంపకుండా ఉండలేకపోతే, కలవకూడదని కోర్టు ఉత్తర్వు ఏదీ లేకపోతే, ఆవిడ అన్నగారికి ఒక్కసారి ఈ నాలుగు మాటలు రాసి పంపండి. "గొంతు పట్టుకున్నాను కాబట్టి తనను డాక్టర్‌కు చూపించండి, ఖర్చు నాది. పిల్లలకు నెల నెలా డబ్బు పంపుతాను. నేను తాగుడుకు, కొట్టడానికి, రెండింటికీ చికిత్సకు వెళ్తున్నాను. దీనికి తను జవాబు ఇవ్వక్కర్లేదు." మూడో వాక్యం నిజమయ్యాకే పంపండి. అంటే ముందు రేపు పొద్దున డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.